రిపోలో పనిచేసే ఏఐ ఏజెంట్‌కి టూల్ గురించి ఏం రాసిపెట్టాలి

కోడ్ రిపోలో (ప్రాజెక్ట్ కోడ్ అంతా ఉంచే చోటు) ఏఐ ఏజెంట్‌ని, అంటే భాషా మోడల్ బుర్రగా టూల్స్ వాడుతూ పనిచేసే ప్రోగ్రామ్‌ని, పనికి పెట్టిన టీమ్‌లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఈ మోడల్ పనికిరాదు, ఇంకోటి పెట్టి చూద్దాం." ఉన్న ఫంక్షన్‌నే ఏజెంట్ మళ్లీ రాసినా, తప్పు బ్రాంచ్‌లో (అదే కోడ్‌కి విడిగా నడిచే ప్రతిలో) వెతికినా, చిన్న మార్పుకి మొత్తం టెస్టులన్నీ నడిపి గంటసేపు కూర్చోబెట్టినా నింద ముందు మోడల్ మీదే పడుతుంది. మోడల్ తప్పులు చేస్తుంది, కాదనలేం. అయితే దాని చేతికిచ్చిన టూల్స్ (అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) దగ్గర ఏం రాసి ఉందో తెరిచి చూస్తే చాలాసార్లు అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. "కోడ్‌లో వెతుకుతుంది." "టెస్టులు నడుపుతుంది." "ఫైల్ మారుస్తుంది." మూడు టూల్స్‌కి మూడు ముక్కలు రాసి ఊరుకున్నారు. ఏ బ్రాంచ్‌లో వెతుకుతుందో, ఏ టెస్టులు ఎంతసేపు నడుస్తాయో, ఏమీ దొరకకపోతే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఎక్కడా లేదు.

ఏజెంట్ టూల్‌ని ఎలా వాడుతుందో తెలిస్తే ఆ మూడు ముక్కలు ఎందుకు చాలవో అర్థమవుతుంది. మోడల్‌కి టూల్ వెనక ఉన్న కోడ్ కనిపించదు. కనిపించేవి మూడే: టూల్ పేరు, దాని వివరణ, అది తీసుకునే పారామీటర్ల స్కీమా (ఏ విలువలు ఎలా ఇవ్వాలో చెప్పే పట్టిక). ఇవి మామూలు టెక్స్ట్‌గానే మోడల్ కాంటెక్స్ట్‌లోకి (అది ఒకసారికి ముందు పెట్టుకుని చదివే టెక్స్ట్‌లోకి) వెళ్తాయి. దాన్ని చదివి, "ఫలానా టూల్‌ని ఫలానా విలువలతో పిలవండి" అని మోడల్ ఒక జేసన్ (నిర్ణీత రూపంలో రాసే డేటా) ముక్క రాసిస్తుంది. బయట ఉన్న ప్రోగ్రామ్ దాన్ని నడిపి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ టెక్స్ట్‌గా తెచ్చి మోడల్ ముందు పెడుతుంది. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో ఫంక్షన్ కాలింగ్ తెచ్చినప్పటి నుంచీ ఈ పద్ధతి స్థిరపడింది. 2024 నవంబర్‌లో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎమ్‌సీపీ, ఏజెంట్లకీ టూల్స్‌కీ మధ్య ఉమ్మడి పద్ధతి) విడుదల చేశాక, ఒకరు రాసిన టూల్‌ని ముక్కూమొహం తెలియని ఇంకొకరి ఏజెంట్ వాడుకోవడం మామూలైపోయింది. అంటే రాసినవాడు పక్కన ఉండడు. వాడేది మనిషి కాదు. మధ్యలో మిగిలేది ఆ వివరణ ఒక్కటే.

బెంగళూరులో మారతహళ్లి నుంచి బెళ్ళందూరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న ఆఫీసుల్లో తెలుగువాళ్లు లేని టీమ్ అరుదు. అక్కడ పని నేర్చుకోవడంలో సగం రాత మీద జరగదు, నోటి మాట మీద జరుగుతుంది. ఒక పేమెంట్స్ టీమ్ అనుకుందాం. కొత్తగా చేరిన అమ్మాయి ఒక స్క్రిప్ట్ నడపబోతూ పక్క సీటు వైపు తిరుగుతుంది: "అన్నా, ఇది నడిపితే ఏమీ కాదుగా?" అటునుంచి సమాధానం: "ఆగు ఆగు, అది స్టేజింగ్ డీబీ మీద పడుద్ది. డ్రై రన్ ఫ్లాగ్ పెట్టు. లేకపోతే క్యూఏ వాళ్ల డేటా మొత్తం పోయి సాయంత్రం దాకా గొడవ." (స్టేజింగ్ డీబీ అంటే పరీక్షల కోసం వాడే డేటాబేస్, డ్రై రన్ అంటే నిజంగా ఏమీ మార్చకుండా నడిపి చూడటం, క్యూఏ అంటే టెస్టింగ్ టీమ్.) పది సెకన్లలో అయిపోయిన ఈ సంభాషణలో ఆ స్క్రిప్ట్ గురించి తెలియాల్సిన ముఖ్యమైన విషయమంతా ఉంది. అది రీడ్‌మీలో లేదు, కోడ్ కామెంట్‌లో లేదు. ఏజెంట్‌కి పక్క సీటు లేదు కాబట్టి అది అడగదు, ఉన్న రెండు ముక్కలు చదువుకుని నడిపేస్తుంది.

టూల్ వివరణలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే: టీమ్‌లో అందరికీ తెలిసి, ఎవరూ రాయని సంగతి. గిట్ అంటే ఏమిటో, పైథాన్ టెస్టులు ఎలా నడుస్తాయో మోడల్‌కి బాగానే తెలుసు, అది విడమరిచి చెబితే టోకెన్ల (మోడల్ టెక్స్ట్‌ని చదివే చిన్న ముక్కల) దండగ. ఈ రిపోలో, ఈ కంపెనీలో, ఈ టూల్ ప్రత్యేకంగా ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం దానికి తెలిసే దారి లేదు. చాలామంది రాసేది సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. తెలిసినదాన్ని వివరించి, తెలియనిదాన్ని గాలికి వదిలేస్తారు.

టెస్టులు నడిపే టూల్‌నే దగ్గరగా చూద్దాం. పాత వివరణ: "టెస్టులు నడుపుతుంది." అదే టీమ్ కూర్చుని తమకు తెలిసిందంతా పెట్టి రాస్తే సుమారుగా ఇలా ఉంటుంది:

"ఇచ్చిన ప్యాకేజీలోని యూనిట్ టెస్టులు మాత్రమే నడుపుతుంది. ప్యాకేజీ పేరు తప్పనిసరి. రిపో మొత్తానికి నడపడం దీనితో కుదరదు. మామూలుగా రెండు నిమిషాల లోపు అయిపోతుంది. ఐదు నిమిషాలు దాటితే ఆపేసి టైమౌట్ అని చెబుతుంది. అప్పుడు టెస్ట్ ఫెయిలైనట్టు కాదు, ఫలితం తెలియలేదని అర్థం. డేటాబేస్ అవసరమయ్యే ఇంటిగ్రేషన్ టెస్టులు ఇందులో ఉండవు. అవి పుల్ రిక్వెస్ట్ తెరిచాక సీఐలో నడుస్తాయి. ఫెయిలైన ప్రతి టెస్ట్ పేరు, దాని మొదటి ఎర్రర్ తిరిగి వస్తాయి. పాసైనవి ఎన్నో సంఖ్య మాత్రమే వస్తుంది."

(యూనిట్ టెస్ట్ అంటే కోడ్‌లో ఒక చిన్న ముక్కని విడిగా పరీక్షించేది, ఇంటిగ్రేషన్ టెస్ట్ అంటే భాగాలన్నీ కలిపి పరీక్షించేది. పుల్ రిక్వెస్ట్ అంటే నా మార్పుల్ని అసలు కోడ్‌లో కలపమని అడగడం, సీఐ అంటే టెస్టుల్ని తనంతట తానే నడిపే ఏర్పాటు.) ఇందులో అలంకారానికి పెట్టిన వాక్యం ఒక్కటీ లేదు. టైమౌట్ మాట లేకపోతే ఏజెంట్ ఆగిపోయిన టెస్ట్‌ని ఫెయిలైనట్టు లెక్కేసి, బాగున్న కోడ్‌ని "సరిచేయడం" మొదలుపెడుతుంది. ఇంటిగ్రేషన్ టెస్టుల మాట లేకపోతే అన్నీ పాసయ్యాయని చూసి, డేటాబేస్ వైపు కూడా అంతా బాగుందని పుల్ రిక్వెస్ట్‌లో ధీమాగా రాసేస్తుంది. పాసైన వాటి సంఖ్య మాత్రమే వస్తుందని చెప్పకపోతే, తను రాసిన కొత్త టెస్ట్ పేరు ఫలితంలో కనపడలేదని దాన్ని మళ్లీ మళ్లీ నడుపుతుంది. ఇలా ప్రతి వాక్యం వెనకా ఏజెంట్ పెట్టే తప్పు అడుగు ఒకటి ఉండాలి. అలాంటి అడుగేదీ కనపడకపోతే ఆ వాక్యాన్ని తీసేయొచ్చు.

తీసేయడం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, వివరణ ఊరికే రాదు. ఆ టెక్స్ట్ ప్రతి మలుపులోనూ కాంటెక్స్ట్‌లో చోటు ఆక్రమిస్తుంది. నాలుగైదు ఎమ్‌సీపీ సర్వర్లు (ఏజెంట్‌కి టూల్స్ అందించే ప్రోగ్రామ్‌లు) కలిపితే టూల్స్ పదుల సంఖ్యలోకి పోతాయి. ఒక్క లైన్ కోడ్ చదవకముందే వేల టోకెన్లు టూల్ వివరణలకే ఖర్చవుతాయి. అందుకే పొడుగ్గా రాసినంత మాత్రాన మంచి వివరణ కాదు. ఆరు వాక్యాల్లో ఆరు ప్రమాదాలు తప్పిస్తే అది మంచి ఖర్చు.

ఈ వివరణ ఏ భాషలో రాయాలన్న ప్రశ్న తెలుగు టీమ్‌లలో అప్పుడప్పుడూ వస్తుంది. కోడ్, ఐడెంటిఫయర్లు (కోడ్‌లో పెట్టే పేర్లు), ఎర్రర్ మెసేజ్‌లు అన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి వివరణా ఇంగ్లిష్‌లోనే ఉండటం మేలు. పైగా ఇప్పటి టోకెనైజర్లలో (టెక్స్ట్‌ని టోకెన్లుగా విడగొట్టేవాటిలో) చాలావాటికి అదే విషయం తెలుగు లిపిలో రాస్తే టోకెన్లు బాగా ఎక్కువ పడతాయి. అయితే తెలుగు టెక్స్ట్ రిపోలోనే ఉన్నప్పుడు కథ వేరు. అక్కడ టూల్ రాసేవాళ్లు ఊహించని చిక్కులు వస్తాయి.

తెలుగులో కూడా పనిచేసే ఒక యాప్ ఉందనుకుందాం. స్ట్రింగ్స్ ఫైల్‌లో (యాప్ చూపే ప్రతి మెసేజ్‌నీ ఒక కీ పేరుతో ఉంచే ఫైల్) "అకౌంట్‌లో డబ్బులు చాలవు" అనే మెసేజ్ ఉంది. కస్టమర్ సపోర్ట్ వాళ్లు ఇష్యూలో (సమస్యని నమోదు చేసే పేజీలో) అదే వాక్యాన్ని "అకౌంట్లో డబ్బులు చాలవు" అని టైప్ చేశారు. మనిషి చదివితే రెండూ ఒకే మాట. ఫైల్‌లో ఉన్నదానిలో మాత్రం 'ట్' తర్వాత ఒక కనపడని అక్షరం ఉంది. యూనికోడ్‌లో దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లుని పొల్లుగానే ఉంచి, తర్వాతి అక్షరం కింద వత్తుగా చేరకుండా ఆపేది అదే. ఇష్యూలోని వాక్యంలో అది లేదు. ఏజెంట్ ఇష్యూలోని వాక్యాన్ని యథాతథంగా తీసుకుని సెర్చ్ టూల్‌ని పిలుస్తుంది. సున్నా ఫలితాలు వస్తాయి. అలాంటి మెసేజ్ కోడ్‌లో లేదనుకుని కొత్తది తయారు చేస్తుంది. మాట చివర ఈ అక్షరం మిగిలిపోయిన చోట్ల అయితే మనిషికి కూడా స్క్రీన్ మీద తేడా తెలియదు.

దీనికి రెండు వాక్యాలు చాలు: "ఉన్నది ఉన్నట్టు, బైట్ బైట్‌కీ సరిపోలితేనే దొరుకుతుంది. తెలుగు మెసేజ్‌ల కోసం విలువతో కాకుండా కీ పేరుతో వెతకండి, లేదా ఒక్క చిన్న పదంతో మొదలుపెట్టండి." ఇంకో చిక్కు పొడవు దగ్గర వస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ బ్లాక్‌లోని ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. గుణింతాలు, వత్తులు కలిస్తే ఒక్క అక్షరానికే ఆరు, తొమ్మిది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఫైల్ చదివే టూల్‌లో "గరిష్ఠ పొడవు" అనే పారామీటర్ ఉంటే అది బైట్లా, అక్షరాలా అన్నది ఇంగ్లిష్ ఫైళ్లతో పరీక్షించినన్నాళ్లూ బయటపడదు. తెలుగు ఫైల్ ఇవ్వగానే లెక్క మూడు రెట్లు తప్పుతుంది, చివరి అక్షరం సగంలో తెగుతుంది. పారామీటర్ పేరే "గరిష్ఠ బైట్లు" అని పెట్టి ఉంటే ఈ సందేహానికి చోటే ఉండేది కాదు.

సెర్చ్ టూల్ విషయంలో సున్నా ఫలితం అన్నది విడిగా ఆలోచించాల్సిన సమస్య. మనిషికి ఏమీ దొరకకపోతే అనుమానం వస్తుంది, ఇంకోలా వెతుకుతాడు. ఏజెంట్ ఒక్కోసారి అలాగే చేస్తుంది, ఒక్కోసారి లేదనే తీర్మానించేస్తుంది. గిట్‌హబ్ (కోడ్ రిపోలు ఉంచే సైట్) కోడ్ సెర్చ్ ఏపీఐ, అంటే ప్రోగ్రామ్‌లు ఆ సైట్‌లో వెతికే దారి, డిఫాల్ట్ బ్రాంచ్‌ని (సాధారణంగా మెయిన్) మాత్రమే చూస్తుంది, 384 కిలోబైట్ల కన్నా చిన్న ఫైళ్లలోనే వెతుకుతుంది. ఈ రెండు పరిమితులూ గిట్‌హబ్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉన్నాయి. ఆ ఏపీఐ మీద "కోడ్‌లో వెతుకు" అని టూల్ కట్టి, ఈ సంగతి వివరణలో పెట్టకపోతే ఏమవుతుంది? ఏజెంట్ ఫీచర్ బ్రాంచ్‌లో నిన్ననే చేరిన ఫంక్షన్ కోసం వెతుకుతుంది. డిఫాల్ట్ బ్రాంచ్‌లో అది లేదు. దాంతో అదే పని చేసే ఇంకో ఫంక్షన్, ఇంకో పేరుతో, ఇంకో ఫైల్‌లో తయారవుతుంది. రివ్యూలో ఎవరూ పట్టుకోకపోతే రెండూ మెర్జ్ అవుతాయి. ఉన్న ఫంక్షన్‌ని మళ్లీ రాసిందని మోడల్‌ని తిట్టే సందర్భాల్లో కొన్నిటికి మూలం ఇదే.

పరిమితి రాస్తే సరిపోదు, దాటడానికి దారి కూడా చూపాలి. "డిఫాల్ట్ బ్రాంచ్‌లో మాత్రమే వెతుకుతుంది. ప్రస్తుత బ్రాంచ్‌లోని మార్పులు కావాలంటే లోకల్ గ్రెప్ టూల్ వాడండి" అని రెండో టూల్ పేరు (గ్రెప్ అంటే ఫైళ్ల లోపల టెక్స్ట్ వెతికేది) చెప్పాలి. ఒక టూల్ వివరణలో ఇంకో టూల్ ప్రస్తావన రావడం చాలామందికి ఇబ్బందిగా అనిపిస్తుంది, ఎవరి టూల్ గురించి వాళ్లు రాసుకుంటే చాలనిపిస్తుంది. కానీ ఏజెంట్ టూల్స్‌ని విడివిడిగా చదవదు. జాబితా మొత్తం ముందు పెట్టుకుని అందులో ఒకటి ఎంచుకుంటుంది. 'సెర్చ్', 'ఫైండ్', 'లుకప్' అని మూడు టూల్స్ పక్కపక్కనే ఉండి, ఒకటి ఫైల్ పేర్లలో, ఒకటి ఫైల్ లోపల, ఒకటి సింబల్స్‌లో (ఫంక్షన్ల లాంటివాటి పేర్లలో) వెతుకుతుంటే పేర్లను బట్టి ఆ తేడా దేవుడికే తెలియాలి. పేర్లు మార్చడం మొదటి పని. ఎప్పుడు వాడకూడదో ఒక్క వాక్యంలో చెప్పడం రెండోది.

ఇక పారామీటర్లు. చిన్న చిన్న అస్పష్టతలు ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. లైన్ నంబర్లు చూడండి. ఎడిటర్లలో మొదటి లైన్ నంబర్ 1. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌లో (ఎడిటర్‌కి కోడ్ సమాచారం అందించే పద్ధతిలో) మొదటి లైన్ నంబర్ 0. ఒక టూల్ గ్రెప్ లాగా 1 నుంచి లెక్కపెట్టి, దాని పక్కనున్న టూల్ లాంగ్వేజ్ సర్వర్ నుంచి వచ్చిన నంబర్లను ఉన్నవున్నట్టు ఇస్తే, ఏజెంట్ ఒకదాని నంబర్ తీసుకెళ్లి ఇంకోదానికి ఇస్తుంది. ప్రతి మార్పూ ఒక లైన్ కిందకో పైకో పడుతుంది. "40 నుంచి 60 వరకు" అన్నప్పుడు 60 కూడా కలుస్తుందా లేదా అన్నది కూడా ఇలాంటిదే.

రెండు బ్రాంచ్‌లని పోల్చే టూల్ ఇంకా మంచి ఉదాహరణ. గిట్ డిఫ్‌లో (కోడ్ ప్రతుల మధ్య తేడా చూపే కమాండ్‌లో) రెండు పేర్ల మధ్య రెండు చుక్కలు పెడితే ఆ రెండు కమిట్‌లనీ (భద్రపరిచిన కోడ్ స్థితులనీ) నేరుగా పోలుస్తుంది. మూడు చుక్కలు పెడితే రెండూ విడిపోయిన చోటు నుంచి రెండోదానిలో వచ్చిన మార్పుల్ని చూపిస్తుంది. గిట్‌హబ్ పుల్ రిక్వెస్ట్ పేజీ చూపించేది మూడు చుక్కల డిఫ్. టూల్ లోపల రెండు చుక్కలది నడుస్తుంటే, మెయిన్ బ్రాంచ్‌లోకి ఈలోగా వచ్చిన ఇతరుల మార్పులన్నీ తిరగేసి కనిపిస్తాయి. "ఈ పుల్ రిక్వెస్ట్ ఫలానా ఫీచర్‌ని తీసేస్తోంది" అని ఏజెంట్ రివ్యూ కామెంట్ పెడుతుంది. రాసిన ఇంజినీర్ తన బ్రాంచ్‌లో అలాంటిదేమీ చేయలేదని తల పట్టుకుంటాడు. "పుల్ రిక్వెస్ట్ పేజీలో కనిపించే డిఫ్‌నే ఇస్తుంది" అన్న ఒక్క వాక్యం, దానికి తగ్గట్టు లోపలి కోడ్, ఇంత గందరగోళాన్నీ ఆపగలవు. 'రెఫ్' అనే పారామీటర్ బ్రాంచ్ పేరు తీసుకుంటుందా, ట్యాగ్ తీసుకుంటుందా, పూర్తి కమిట్ హ్యాష్ (కమిట్‌ని గుర్తించే కోడ్) కావాలా అన్నది కూడా ఒక ఉదాహరణతో చెప్పేస్తే పోతుంది. పారామీటర్ల విషయంలో పేరా వివరణ కన్నా ఒక నికరమైన ఉదాహరణ మేలు.

రాత ఎంత బాగున్నా టూల్ తయారీలో లోపాన్ని పూడ్చలేదు. 2024లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు విడుదల చేసిన స్వీ-ఏజెంట్ (కోడ్ సమస్యలు పరిష్కరించే ఏజెంట్) పేపర్‌లో దీనికి సంబంధించిన కొలతలున్నాయి. మోడల్‌ని జీపీటీ-4 టర్బోగానే ఉంచి, ఏజెంట్‌కి ఇచ్చే ఇంటర్‌ఫేస్‌ని మారుస్తూ కోడింగ్ ఏజెంట్లకి పెట్టే పరీక్ష స్వీ-బెంచ్ లైట్‌లోని 300 సమస్యల మీద చూశారు. ఫైల్ చూపించే టూల్ ఒక్కసారికి 100 లైన్లు చూపిస్తే 18 శాతం సమస్యలు పరిష్కారమయ్యాయి. 30 లైన్లే చూపిస్తే 14.3 శాతం, ఫైల్ మొత్తం ముందు పెడితే 12.7 శాతం. సెర్చ్ దగ్గర వచ్చిన ఫలితం మరీ ఆలోచించదగ్గది. ఫలితాలన్నిటినీ క్లుప్తంగా ఒకేసారి చూపిన టూల్‌తో అదే 18 శాతం రాగా, ఒక్కో ఫలితాన్నీ 'తర్వాతది' అంటూ చూసుకుంటూ పోయే టూల్‌తో 12 శాతానికి పడిపోయింది. ప్రత్యేకంగా సెర్చ్ టూలే ఇవ్వకపోతే 15.7 శాతం. అంటే సరిగ్గా కుదరని టూల్ ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే నయమని తేలింది. ఒకటి తర్వాత ఒకటి చూసే వీలుంటే ఏజెంట్ చివరిదాకా చూస్తూనే పోయి, ఆ లోపే కాంటెక్స్ట్ నింపేసుకుంది.

ఆంత్రోపిక్ 2024 డిసెంబర్‌లో రాసిన అనుభవం కూడా ఇదే దారిలో ఉంది. స్వీ-బెంచ్ కోసం ఏజెంట్ తయారు చేసేటప్పుడు మొత్తం ప్రాంప్ట్ (మోడల్‌కి ఇచ్చే సూచనలు) కన్నా టూల్స్‌ని సరిదిద్దడానికే ఎక్కువ సమయం పట్టిందని చెప్పారు. ఏజెంట్ రూట్ డైరెక్టరీ నుంచి వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాక రిలేటివ్ పాత్‌లు (ఉన్న ఫోల్డర్‌ని బట్టి మారే ఫైల్ చిరునామాలు) తప్పుగా ఇస్తోంది. వాళ్లు టూల్‌నే మార్చి, ఎప్పుడూ పూర్తి పాత్ ఇచ్చి తీరాలన్నారు. ఆ తప్పు అంతటితో ఆగింది. వివరణలో "కానీ", "అయితే", "ఇలా ఉంటే తప్ప" అనే మాటలు పేరుకుపోతున్నాయంటే ఆ టూల్‌ని రెండుగా విడదీయాలనో, ఒక పారామీటర్ తీసేయాలనో అర్థం. రాయడానికి కూర్చున్నప్పుడే ఇది తెలిసొస్తుంది కాబట్టి, వివరణ రాయడాన్ని టూల్ పూర్తయ్యాక చివర్లో చేసే పనిగా పెట్టుకోవడం మంచిది కాదు.

టూల్ తిరిగి ఇచ్చే ఎర్రర్లు కూడా వివరణలో భాగమే, కాకపోతే ఆలస్యంగా అందే భాగం. అనుమతి లేని ప్రైవేట్ రిపోని అడిగితే గిట్‌హబ్ 404 ('దొరకలేదు' అనే ఎర్రర్) ఇస్తుంది. ఆ రిపో ఉందన్న సంగతి కూడా బయటపడకూడదని అలా పెట్టారు. మనిషికి ఒకటి రెండుసార్లు ఎదురైతే అర్థమవుతుంది. ఏజెంట్ మాత్రం 'దొరకలేదు' అన్నదాన్ని నమ్మి, పేరు తప్పేమోనని పది రకాలుగా మార్చి ప్రయత్నిస్తూ పోతుంది. "రిపో దొరకలేదు, లేదా ఈ యాక్సెస్ టోకెన్‌కి (లాగిన్ కీకి) చూసే అనుమతి లేదు. పేరు సరైనదే అయితే మళ్లీ ప్రయత్నించకుండా యూజర్‌ని అడగండి" అని టూల్ చెబితే అక్కడితో ఆగుతుంది. ఫైల్‌లో పాత ముక్కని కొత్త ముక్కతో మార్చే టూల్ కూడా అంతే. "విఫలమైంది" అనకుండా "ఆ ముక్క ఫైల్‌లో మూడు చోట్ల ఉంది, ఒక్కచోటే సరిపోలేలా ఇంకొన్ని లైన్లు కలిపి ఇవ్వండి" అంటే ఏజెంట్ తర్వాతి ప్రయత్నంలోనే సర్దుకుంటుంది. ఫలితాన్ని మధ్యలో కత్తిరించినప్పుడు కత్తిరించామని చెప్పకపోవడం వీటన్నిటికన్నా పెద్ద తప్పు. మొదటి 50 ఫలితాలు చూసి మొత్తం అంతేననుకున్న ఏజెంట్, ఫంక్షన్ పేరుని 50 చోట్ల మార్చి మిగతావి వదిలేస్తుంది.

ప్రమాదకరమైన టూల్స్ గురించి ఒక మాట. ఫోర్స్ పుష్ (రిపోలో ఉన్న చరిత్ర మీద బలవంతంగా మనది రాయడం), బ్రాంచ్ డిలీట్, మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణం మార్పు) నడపడం లాంటివాటికి వివరణలో "జాగ్రత్త" అని పెద్ద అక్షరాల్లో రాసి చేతులు దులుపుకునే అలవాటు ఉంది. 2025 మార్చి నాటి ఎమ్‌సీపీ స్పెసిఫికేషన్‌లో టూల్‌కి గుర్తులు పెట్టే వీలు వచ్చింది. ఇది చదవడానికి మాత్రమే, ఇది ఉన్నదాన్ని చెరిపేయగలదు అని చెప్పొచ్చు. స్పెసిఫికేషనే అవి సూచనలు మాత్రమేనని, నమ్మకం లేని సర్వర్ నుంచి వచ్చినవాటి మీద ఆధారపడొద్దని చెబుతోంది. నిజమైన అడ్డు అనుమతుల దగ్గర పెట్టాలి. మెయిన్ బ్రాంచ్‌కి ఫోర్స్ పుష్ కుదరకుండా రిపో సెట్టింగ్స్‌లో ఆపాలి, ఏజెంట్ యాక్సెస్ టోకెన్‌కి ఆ హక్కే ఇవ్వకూడదు. వివరణ చేయాల్సింది, ఆ అడ్డు ఉందని, తగిలినప్పుడు ఏం చేయాలో ముందే చెప్పడం.

వివరణని మోడల్ దాదాపు ఆదేశంలాగే చదువుతుందన్న దానికి ఇంకో ముఖం ఉంది. 2025 ఏప్రిల్‌లో సెక్యూరిటీ సంస్థ ఇన్వేరియంట్ ల్యాబ్స్ 'టూల్ పాయిజనింగ్' అనే దాడిని బయటపెట్టింది. చూడటానికి అమాయకంగా ఉన్న ఒక టూల్ వివరణలో, యూజర్ రహస్య ఫైళ్లు చదివి పారామీటర్‌లో పెట్టి పంపమని మోడల్‌కి సూచనలు దాచొచ్చని చూపించారు. యూజర్ స్క్రీన్ మీద టూల్ పేరు మాత్రమే కనిపిస్తే ఆ రాత అతని కంట పడనే పడదు. అందుకే బయటి నుంచి తెచ్చుకున్న సర్వర్‌ని కలిపే ముందు దాని టూల్ వివరణలన్నీ మనిషి చదవాలి. సర్వర్ అప్‌డేట్ అయినప్పుడు వివరణ మారిందేమో కూడా చూసుకోవాలి.

సొంత టూల్స్ వివరణ బాగుందో లేదో కూర్చుని చదివితే తెలియదు. రాసినవాళ్లకి అది ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది, రాయని సంగతులు వాళ్ల బుర్రలో ఉంటాయి కదా. 2023లో వచ్చిన స్వీ-బెంచ్ 12 పైథాన్ రిపోల నుంచి, ఇప్పటికే పరిష్కారమైన 2,294 ఇష్యూలను తీసుకుని తయారైంది. ఏ టీమ్ అయినా ఇదే పద్ధతిని చిన్న స్థాయిలో చేసుకోవచ్చు. మూసేసిన పాత ఇష్యూలు ఇరవై తీసుకుని, రిపోని ఆ నాటి కమిట్‌కి తిప్పి, ఏజెంట్‌ని వదిలి చూడాలి. చివరికి పరిష్కరించిందా లేదా అన్నదానికన్నా, మధ్యలో ఏం చేసిందో ఆ లాగ్ చదవడం ఎక్కువ నేర్పిస్తుంది. మొదట ఏ టూల్ పిలిచింది? ఒకే టూల్‌ని చిన్న తేడాతో నాలుగుసార్లు పిలిచిందా? ఎర్రర్ వచ్చాక దారి మార్చిందా, అదే పట్టుకుని వేలాడిందా? ఇలా లాగ్ తీగ లాగితే వివరణలోని డొంక కదులుతుంది. ఒక్క వాక్యం మార్చి, అవే ఇష్యూలను మళ్లీ నడపాలి. ఒక్కసారి నడిపి తేల్చేయకూడదు. ఏజెంట్ రెండుసార్లు ఒకేలా ప్రవర్తించదు.

బెంగళూరు టీమ్‌లకి ఇందులో అదనంగా కలిసొచ్చేది ఒకటుంది. ఒకే బల్ల చుట్టూ తెలుగు, కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లు కూర్చుంటారు. టీ దగ్గర తెలుగువాళ్లు ఒకరికొకరు చెవిన వేసుకునే జాగ్రత్తలు ఆ పక్కనున్న కన్నడ ఇంజినీర్‌కి చేరవు, వాళ్లవి వీళ్లకి చేరవు. ఎవరూ కావాలని దాచరు, మాట అలా సొంత భాషలో దొర్లిపోతుంది. తొంభై రోజుల నోటీసు పీరియడ్ చివర్లో జరిగే కేటీ (పని అప్పగించే) సెషన్లలో కూడా వెళ్లిపోయేవాళ్లు పెద్ద విషయాలు చెబుతారు, డ్రై రన్ ఫ్లాగ్ లాంటివి చెప్పరు. ఏజెంట్ కోసమని వాటిని టూల్ వివరణలో రాయడం మొదలుపెడితే, టీమ్‌లో ప్రతి మనిషికీ అవి మొదటిసారి సమానంగా అందుతాయి. దీనికి పెద్ద ప్రక్రియ అక్కర్లేదు. ఎవరైనా పక్క సీటుని అడిగి తెలుసుకున్న ప్రతి సంగతినీ, ఆ రోజే, సంబంధించిన టూల్ వివరణలో చేర్చే అలవాటు ఉంటే చాలు.

అలా చేర్చిన వాక్యాలు కూడా పాతబడతాయి. టైమౌట్ ఐదు నిమిషాల నుంచి పదికి మారుస్తారు, వివరణలో ఐదే ఉండిపోతుంది. తప్పుడు వివరణ అసలు లేనిదానికన్నా ఎక్కువ చేటు, ఏజెంట్ దాన్ని అనుమానించదు కాబట్టి. టూల్ కోడ్, దాని వివరణ ఒకే ఫైల్‌లో పక్కపక్కన ఉంచి, రెండూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో మారాలని రివ్యూలో పట్టుబట్టాలి. టైమౌట్, గరిష్ఠ ఫలితాలు లాంటి అంకెలను చేత్తో రాయకుండా కోడ్‌లోని కాన్‌స్టంట్ (ఒకేచోట రాసిపెట్టిన స్థిర విలువ) నుంచే వివరణలోకి వచ్చేలా పెడితే, కనీసం ఆ భాగం ఎప్పటికీ నిజంగానే ఉంటుంది.